తెల్లగోడోళ్ళు

సౌదీలో ఉండడానికిచ్చే అకామా కార్డు ప్రకారం మా బావ భోజన్న ఫర్నిచర్ సేల్స్‌మన్. పద్నాలుగేళ్ళు అల్ ఖోబర్‌లో ఉండి ఆయన ఒక్క స్టూలు కూడా అమ్మలేదు. అమ్మమన్నా అమ్మలేడు. కొనడానికి వచ్చినవాడితో ఈ చెక్క మంచిది కాదు, ఇంకో దుకాణం చూసుకో అనే రకం. ఆయన వడ్రంగి. వాళ్ళ నాన్న వడ్రంగి, తాత వడ్రంగి. కోరుట్ల పక్కన మా రెండు కుటుంబాల్లోనూ ఉలి పట్టని మగాణ్ణి నేనొక్కణ్ణే. బావ గల్ఫ్‌కి బయల్దేరినప్పుడు ఏజెంటు దగ్గర మిగిలింది సేల్స్‌మన్ వీసా, అందుకే అకామా మీద ఆ మాట పడింది. కంపెనీకి తెలుసు, వీసా ఇచ్చిన సౌదీ యజమాని కఫీల్‌కి తెలుసు, ఏటేటా రెన్యువల్ చేయించే గుమాస్తాకి తెలుసు. పద్నాలుగేళ్ళు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

2018లో అభ్యంతరం వచ్చింది. మొహర్రం ఒకటో తారీఖు నుంచి ఫర్నిచర్ దుకాణాల్లో అమ్మే పని సౌదీ వాళ్ళకే అన్నారు. బావ అకామా బక్రీద్ దాటిన పది రోజులకు అయిపోతుంది. సేల్స్‌మన్‌గా ఇక దాన్ని పొడిగించరు. కాగితాల్లో వృత్తి మార్పించి 'నజ్జార్' అని, అంటే వడ్రంగి అని రాయిస్తే ఉంటాడు. లేదంటే ఖురూజ్, మళ్ళీ రాకుండా ఇంటికి. ఇంటికి పోతే ఏముంది? మా ఊళ్ళో ఇప్పుడు తలుపులు కూడా ప్లాస్టిక్‌వే. నలభై ఏడేళ్ళ మనిషి, చేతిలో అంత పని ఉన్న మనిషి, పోయి సిమెంటు బస్తాలు మోయాలి.

నేను సదానందాన్ని. అదే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ని. ఎగ్జిబిషన్ హాళ్ళకు గోడలూ, స్టాళ్ళూ, గాజు పెట్టెలూ కట్టే కంపెనీ మాది. అజీజియాలో రెండు గదుల ఇల్లు. నేను, నా భార్య ఊర్మిల, ముందు గదిలో ఆమె అన్న భోజన్న. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం.

ఆ ఏడు కంపెనీలన్నిటికీ రంగులే ప్రాణం. సౌదీ ఉద్యోగులు సరిపడా ఉంటే ఆకుపచ్చ, తక్కువైతే పసుపు, అసలే లేకపోతే ఎరుపు. పచ్చగా లేని కంపెనీ వృత్తి మార్పుకు దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. మాది పసుపు. దానికి తోడు పరదేశి తలకింత అని నెలనెలా లెవీ కొత్తగా పెరిగింది, కాబట్టి ప్రతి నెలా ఎవరో ఒకరి తల లెక్కలోంచి తగ్గించేవాళ్ళు. మా మేనేజర్ ఉదయకిరణ్‌ది బెజవాడ. మంచి మాట, మంచి సెంటు. రంజాన్ ముందు ఒకరోజు మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచి, ఇటలీ వాళ్ళ పని ఒకటి వచ్చిందని, అది నిలబడితే ముగ్గురు సౌదీ వాళ్ళను చేర్చుకుంటామని, కంపెనీ పచ్చబడుతుందని చెప్పాడు.

"వృత్తి మార్పు లిస్టులో ఫస్ట్ నేమ్ మీ బావగారిదే సదానందం గారూ. ఐ ప్రామిస్," అన్నాడు.

బావకు ఇంగ్లీషు రాదు. ఆ ఆఖరి ముక్క మాత్రం అర్థమైంది. ఆ ఎండాకాలమంతా ఆయన దాని మీదే పని చేశాడు.

ఆ పని వింతది. యాభై ఏళ్ళ కింద ఇటలీలో ఫ్లారెన్స్ అనే ఊళ్ళో ఆర్కిటెక్చర్ చదివే కుర్రాళ్ళు కొందరు ఒక గుంపు కట్టారు. వాళ్ళ మీద ప్రదర్శన. ఆ గుంపు పేరు మా వర్క్‌షాపులో ఎవరికీ నోరు తిరగలేదు, 'తెల్లగోడోళ్ళు' అని పెట్టుకున్నాం. ప్రదర్శన చూసుకోవడానికి వచ్చినావిడ పేరు లూచియా. అరవై దాటిన మనిషి. ఆ గుంపులో ఒకాయన దగ్గర చదువుకుందట. మిగతా పెద్దమనుషుల్లా ఏసీ గదిలో కూర్చోకుండా వర్క్‌షాపులో రంపపు పొట్టులో నిలబడి ఆ కథంతా చెప్పేది. నేను తెలుగు చేసి బావకు చెప్పేవాణ్ణి.

కథ ఏమంటే, ఆ కుర్రాళ్ళ రోజుల్లో వాళ్ళ ఊరి నది పొంగి మ్యూజియంలలోకీ చర్చిలలోకీ బురద తెచ్చింది. అప్పుడే వాళ్ళు ఒక మాట అనుకున్నారు. ఇంక అమ్ముకోవడానికి కుర్చీలు చేయం, డబ్బున్నవాళ్ళకు మేడలు కట్టం అని. కట్టకుండా బొమ్మలు గీశారు. నల్ల గళ్ళున్న ఒక తెల్లగోడ, కొండల మీంచి, సముద్రం మీంచి, పట్నాల మీంచి భూమి చుట్టూ పోతూనే ఉంటుంది. లోకాన్నంతా ఒకే అచ్చులో పోస్తే ఇలా ఉంటుందిరా అని వెక్కిరించడానికి గీసిన బొమ్మ అది. కొందరు నిజంగానే కడతారేమోనని మురిసిపోయారు. ఒక ఫర్నిచర్ వాళ్ళు ఆ గళ్ళతోనే బల్లలు చేసి అమ్ముకున్నారు.

ఆ మాట విని బావ నవ్వాడు. "చూసినవా బావా, తిట్టినా కొనేటోళ్ళున్నరు. నేనే అమ్మలేకపోతున్న," అన్నాడు.

తర్వాత వాళ్ళు ఇంకో బొమ్మ గీశారట. వస్తువులూ ఇళ్ళూ పనీ ఏమీ లేకుండా మనుషులు ఆ గళ్ళ మీద హాయిగా బతికే లోకం. అది బావకు నచ్చలేదు. "పని లేని లోకమా? మా ఊర్లె ప్లాస్టిక్ తలుపులు వచ్చినంక గదే గదా వచ్చింది. దానికి గింత గోడెందుకు?" అన్నాడు. నేను అది ఇంగ్లీషులో చెప్తే లూచియా నవ్వలేదు. చిన్న పుస్తకం తీసి రాసుకుంది.

ఆ కథకు ముగింపు ఆవిడకు ఇష్టం. పన్నెండేళ్ళకు ఆ గుంపు చెదిరింది. చెదిరే ముందు వాళ్ళు పెద్ద పెద్ద బొమ్మలు మానేసి ఒక పల్లెటూరికి పోయి, ఒక ముసలి రైతు తన చేతులతో చేసుకున్న పనిముట్లను ఒక్కొక్కటీ కొలిచి గీశారు. ఆయన కొడవలి పిడి, ఆయన పార, ఆయన నిచ్చెన. వాటిని తీసుకుపోయి పెద్ద ప్రదర్శనలో పెట్టారు, ఆయన పేరుతో సహా. బావ ఇది రెండుసార్లు చెప్పించుకున్నాడు. పేరు రాసిన్రా, అని అడిగాడు. రాశారని చెప్పాను.

మేం కట్టాల్సింది అలాంటి తెల్లగోడ. పన్నెండు మీటర్ల పొడుగు, రెండు చివర్లా అద్దాలు, చూసేవాడికి గోడ ఎక్కడా ఆగినట్టు ఉండకూడదు. గళ్ళు అచ్చేసిన షీట్లు ఇటలీ నుంచి రావాలి. అవి దమ్మామ్ పోర్టులో ఆగిపోయాయి. ఏదో కాగితం తక్కువైందట. రంజాన్ అయిపోయింది, షీట్లు రాలేదు. ఉదయకిరణ్ దగ్గర సెంటు వాసన కూడా తగ్గింది.

అప్పుడు బావ కంపెనీ కూలీలుండే క్యాంపులోంచి విరిగిన మంచం పట్టె ఒకటి తెచ్చి, దానికి మూడేసి సెంటీమీటర్ల దూరంలో పదకొండు ఉక్కు మేకులు దిగ్గొట్టి, మొనలు అరగదీశాడు. మామూలు తెల్ల షీటు మీద దాన్ని ఈడిస్తే ఒక్కసారికి పదకొండు గీతలు. మళ్ళీ ఈడ్చేటప్పుడు మొదటి మేకును పాత ఆఖరి గీతలో కూర్చోబెట్టేవాడు, ఇక లెక్క తప్పదు. గీతల్లోకి ఆముదంలో కలిపిన మసి రుద్ది గుడ్డతో తుడిస్తే, పైనంతా తెల్లగా, గీతలో నల్లగా నిలిచేది. పెయింటు వాడితే గీత దాటి పాకుతుంది. మసి పాకదు. ఆ మసి పట్టింది ఊర్మిల. వంటింట్లో దీపాలు వెలిగించి పైన స్టీలు పళ్ళేలు బోర్లించి, మూడు వారాలు గీకి డబ్బాలకెత్తింది. ఇల్లంతా నల్లబడితే ఓనరు వచ్చి గోల చేశాడు. "మా అన్న అకామా రానీ, నీ గోడకు నేనే సున్నమేస్త," అని ఆయనకు తెలుగులోనే చెప్పి తలుపేసింది.

జూలై ఆఖరికి గోడ లేచింది. నేను డ్రాఫ్ట్స్‌మన్ని, గీతలు నా తిండి. ఆ గోడకు కన్ను ఆనించి చూశాను. గోడ మీది గీత నేలలోకి దిగి, నేల మీంచి అద్దంలోకి పోయి, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

ఒక్క గీత తప్ప. చూడడానికి వచ్చిన రోజు ఉదయకిరణ్ దాన్ని పట్టుకున్నాడు. కుడి చివర కింద జానెడు మేర గీత లేదు. అందరి ముందూ బావ మీద విరుచుకుపడ్డాడు, ఇంత పనిచేసి చివర్లో నిద్రపోయావా అని. బావ తల దించుకుని నిలబడ్డాడు, కారణం చెప్పలేదు. అది అడిగి చెప్పించుకునేది కాదు. నేనే చెప్పాల్సి వచ్చింది. మా వైపు వడ్రంగి దర్వాజ నిలబెట్టినప్పుడు ఆఖరి మేకు కొట్టడు. ఇంటి యజమాని వచ్చి బొట్టు పెట్టి, తువ్వాల కప్పి, ఆకు వక్క కొబ్బరికాయ చేతిలో పెడితేనే కొడతాడు. అప్పటిదాకా పని అయినట్టు కాదు. బావ ఆ దేశంలో పద్నాలుగేళ్ళలో ఎన్నో గోడలు కట్టాడు, ఏ గోడకూ ఇలా ఆపలేదు. దీనికి ఆపాడంటే దీన్ని తన పనిగా అనుకున్నాడన్నమాట.

"ఇదేం ఊరు కాదు సదానందం గారూ, ప్రాజెక్టు. గీసెయ్యమనండి," అన్నాడు ఉదయకిరణ్.

లూచియా వద్దంది. మర్నాడు ఊర్మిలను వెంటబెట్టుకుని బంగ్లాదేశ్ వాళ్ళ కొట్టుకు పోయి తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ, ఒక తువ్వాల కొంది. ఊర్మిల చెప్పినట్టే బావకు బొట్టు పెట్టి, తువ్వాల భుజాన కప్పి, రెండు చేతులతో ఆకులిచ్చింది. బావ కూర్చుని ఆ జానెడు గీత గీశాడు, మసి రుద్దాడు, తుడిచాడు. లేచి కళ్ళు తుడుచుకున్నాడు. వర్క్‌షాపులో పాకిస్తాన్ వాళ్ళు, బెంగాలీలు అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ ఆ మేకుల పట్టెను కూడా అడిగింది. గాజు పెట్టెలో పెడతానంది, పల్లెటూరి రైతు పనిముట్ల బొమ్మల పక్కన. పక్కనే చేసినవాడి పేరు. బావ ఇచ్చేశాడు. తన పనిముట్టును చేయి జారనివ్వని మనిషి, అడిగిన వెంటనే ఇచ్చాడు.

లేబుళ్ళు తయారు చేసేది నేనే. 'భోజన్న, వడ్రంగి, కోరుట్ల, తెలంగాణ' అని పెట్టాను. రెండు రోజులకు ఉదయకిరణ్ పిలిచాడు. తలుపు వేయమన్నాడు.

"ఆ నేమ్ తీసెయ్యండి. ఆయన అకామా ప్రకారం సేల్స్‌మన్. లేబుల్ మీద కార్పెంటర్ అని మనమే ప్రింట్ చేస్తే, వేరే పని చేయిస్తున్నామని మనమే ఒప్పుకున్నట్టు. ఫైన్ పడుతుంది, ఆయన అప్లికేషన్ పోతుంది."

"అప్లికేషన్లో కూడా వడ్రంగి అనే కదా సార్ రాస్తాం?"

"అది ఇకమీదట వడ్రంగి అని. ఇది ఇప్పటిదాకా వడ్రంగి అని. తేడా ఉంది," అన్నాడు.

ఆ తేడా తలుచుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్ళు మండుతుంది. వడ్రంగివని కాగితం కావాలంటే వడ్రంగివై ఉండాలి. వడ్రంగివని తెలిస్తే నేరం. ఈ తిరకాసు కనిపెట్టినవాడు ఎవడో గానీ వాడి ముందు తెల్లగోడోళ్ళు పసిపిల్లలు. కానీ ఆ రోజు నేను అవేమీ అనలేదు. బావ అప్లికేషన్ పోతుందన్న మాట ఒక్కటే వినిపించింది. నా బల్ల దగ్గరికి వచ్చి పేరు తీసేసి, 'చేసినవారి పేరు తెలియదు' అని కొట్టాను. ఇంట్లో చెప్పలేదు. ఎలాగూ నజ్జార్ అకామా చేతికొస్తుంది కదా, అప్పుడు చెప్పుకోవచ్చు అనుకున్నాను.

ఆగస్టులో ముగ్గురు సౌదీ పిల్లలు చేరారు, కంపెనీ పచ్చబడింది. బక్రీద్ వచ్చింది, పోయింది. ఉదయకిరణ్ సిస్టమ్ తీసుకోవడం లేదన్నాడు, ట్రై చేస్తున్నానన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. కాగితాల పని చూసే గుమాస్తా కడప వైపు వాడు, నన్ను టీకి పిలిచి చెప్పాడు. "అన్నా, ఎవురితోనూ అనొద్దు. మీ బావది అసలు దరఖాస్తే పెట్టల్యా. గోడ అయిపాయ గదా, ఒక తల తగ్గితే ఒక లెవీ తగ్గుతాదని ముందే అనుకున్యారు."

బావ చేతిలో ఖురూజ్ కాగితం పెట్టారు, వారంలో పొమ్మన్నారు. నేను దరఖాస్తు సంగతి చెప్తే ఉలులు గుడ్డలో చుట్టుకోవడం మొదలుపెట్టాడు. అరిచుంటే బాగుండేది. ఊర్మిల అరిచింది, ఏడ్చింది, కంపెనీకి పోదాం పదమంది. బావే ఆమెను ఆపాడు.

"పోనీ చెల్లే. గోడ మీద నా పేరన్న ఉంటది గదా," అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేకపోయాను. దమ్మామ్ ఎయిర్‌పోర్టులో ఆయన నా భుజం తట్టి లోపలికి పోయేదాకా కూడా తెరవలేకపోయాను.

రెండు వారాలకు ప్రదర్శన మొదలైంది. కుటుంబాలతో రమ్మన్నారు. ఊర్మిల వస్తానంది. అన్న పేరు చూసి ఫోటో తీసి పంపాలట. దార్లో టాక్సీలో చెప్పేద్దామనుకున్నాను, చెప్పలేదు. హాలు నిండా జనం. తెల్లగోడ ముందు నిలబడి అందరూ ఫోటోలు దిగుతున్నారు. ఆమె గాజు పెట్టె వెతుక్కుంటూ పోయింది. మేకుల పట్టె కింద, గాజుకు బయట అంటించిన లేబుల్ లైటు వెలుగులో ఉంది. నేను కొట్టిన లేబుల్ కాదు. ఎవరో ఇంకా నీటుగా మార్చారు.

"ఏం రాసిన్రు?" అని అడిగింది.

నేను చదివి తెలుగులో చెప్పాను. ఈ పనిముట్టునూ ఎదురుగా ఉన్న గోడనూ చేసింది ఒక భారతీయుడు. పని గొప్పది, పేరు కాదు అన్నది అతని సంప్రదాయం. అతని కోరిక మేరకు ఇక్కడ పేరు ఇవ్వడం లేదు.

ఊర్మిల రెండో మాటు చదవమంది. చదివాను.

"మా అన్న గట్లన్నడా?"

"అనలేదు."

"మరి పేరెవలు తీసిన్రు?"

"నేనే తీసిన," అన్నాను. తీయమన్నది ఎవరో, ఎందుకో అంతా చెప్పాను. చెప్తుంటే నాకే అది చాలీచాలని గుడ్డలా ఉంది. ఆమె నా మొహం వంక చూసింది. పదిహేడేళ్ళ కాపురంలో అలా చూడడం అదే మొదటిసారి. తిట్టలేదు. గాజు పెట్టె పక్కకు పోయి, పైన వేసుకున్న నల్ల అబాయా సర్దుకుని నిటారుగా నిలబడింది. అటుగా వచ్చిన మొదటి కుటుంబాన్ని ఆపి తనకొచ్చిన హిందీలో చెప్పింది.

"యే మేరా భాయీ బనాయా. నామ్ భోజన్న. కార్పెంటర్. కంపెనీ నికాల్ దియా."

తర్వాత వచ్చినవాళ్ళకు చెప్పింది. ఆ తర్వాత వాళ్ళకూ చెప్పింది. గొంతు పెంచలేదు, ఒక్కొక్కరికీ అవే నాలుగు మాటలు. కొందరు నవ్వి పోయారు. కొందరు ఆగి మళ్ళీ గోడ వైపు చూశారు. లూచియా పరుగున వచ్చింది. భోజన్నే పేరు వద్దన్నాడని కంపెనీ తనకు చెప్పిందట, సెలవు మీద ఇంటికి పోయాడనుకుంటోందట. నేను నిజం చెప్పగానే ఆవిడ మొహం ఎర్రబడింది. ఉదయకిరణ్‌ను వెతుక్కుంటూ పోయింది.

ఆయన ఆవిణ్ణి తప్పించుకుని నా దగ్గరికి వచ్చాడు. కఫీల్ గారి అతిథులున్నారు, మీ ఆవిడను ఇంటికి తీసుకెళ్ళండి, చెప్పండి ఆవిడకి అన్నాడు.

"మీరే చెప్పండి సార్. ఆమె కంపెనీ మనిషి కాదు," అన్నాను.

ఆయన ఆమె దాకా పోయి, ఆమె చూసిన చూపుకు అక్కడే ఆగిపోయాడు.

అప్పటికి హాల్లో జనానికి దారి చూపించే ఒక సౌదీ అమ్మాయి చాలాసేపట్నుంచి వింటోంది. కొత్తగా చేరిన ముగ్గురిలో ఆ అమ్మాయి ఒకతె. తన పేరు చేరబట్టే కంపెనీ పచ్చబడిందని ఆ పిల్లకు తెలియదు. తెలిసినా తన తప్పేముంది. దగ్గరికి వచ్చి ఆయన పేరేమిటని నన్ను అరబ్బీలో అడిగింది. చెప్పాను. గాజు పెట్టె మీదికి వంగి, జేబులోంచి పెన్ను తీసి, లేబుల్ కింద పేరు రాసింది. ఏం పని చేస్తాడు అని అడిగింది.

"నజ్జార్," అన్నాను.

అదీ రాసింది. పద్నాలుగేళ్ళలో ఆ దేశంలో నలుగురూ చూసే కాగితం మీద మా బావ పేరు పక్కన వడ్రంగి అన్న మాట పడడం అదే మొదలు. ఊర్మిల ఫోటో తీసి పంపింది.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి లేబుల్ మార్చేశారు. లూచియా మాట కఫీల్ ముందు చెల్లలేదట. పెన్ను తీసి నేను రాశాను. మళ్ళీ మార్చారు, మళ్ళీ రాశాను. అలా నాలుగుసార్లయ్యాక నా చేతికీ ఖురూజ్ కాగితం వచ్చింది. ఇంటికి తెచ్చి ఊర్మిలకు చదివి వినిపించాను. ప్రదర్శన రోజు నుంచీ నాతో అన్నం తిను అని తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి, అల్మారా మీది సంచీ కిందికి దింపింది.

"రేపు పొద్దుగాల ఇంకోపారి రాసిరా. అటెన్క పోదాం," అంది.